బావ చేసిన మజాక్

నా నోరు మంచిది కాదని మిర్యాలగూడ డిపోలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆర్టీసీ కండక్టర్ ఉద్యోగానికి మంచి నోరు పనికిరాదని నేనంటాను. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లలను లోపలికి తోయాలన్నా, టికెట్ అడిగితే వినపడనట్టు కిటికీ వైపు తిరిగే పెద్దమనుషులను కదిలించాలన్నా గొంతు ఉండాలి. నాకుంది. మా ఇంట్లో ఆ గొంతు నా ఒక్కదానికే వచ్చింది. మా తమ్ముడు కృష్ణ మాట్లాడితే పక్కన కూర్చున్నవాడు కూడా 'ఆఁ?' అని అడగాల్సిందే.

కానీ వాడి చేతిలో ఒక స్క్రూడ్రైవర్ పెట్టి చూడాలి. కాలువ మీద మోటారు ఆగిపోతే మా ఊరి రైతులు మెకానిక్ కోసం త్రిపురారం పోయేవాళ్ళు కాదు. ఇంటర్ చదివే మా కృష్ణను పిలుచుకుపోయేవాళ్ళు. మేము కురుమలం. మా నాయిన ఐలన్నకు పొలం కన్నా గొర్రెలే ప్రాణం. అలాంటి ఇంట్లోంచి 2010లో వాడికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఆ రోజు మా నాయిన గొర్రెల మందలో నిలబడి ఏడ్చాడు. సంతోషానికే లెండి.

హైదరాబాద్‌లో మంచి కాలేజీయే వచ్చేది. మా వాళ్ళే పోనివ్వలేదు. కోదాడ బయట, హుజూర్‌నగర్ రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో మా మేనమామ కొడుకు మహేశ్వర్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. "బావ ఉన్నంక ఇగ భయమేంది? తెల్వని పట్నంల పడేస్తమా పిలగాన్ని?" అన్నది మా అమ్మ చంద్రమ్మ. హాస్టల్లో దింపే రోజు ఆమె కృష్ణ చేయి పట్టుకుని తీసుకుపోయి మహేశ్వర్ చేతిలో పెట్టింది. "అయ్యా, నీ బామ్మర్దిని నీ చేతుల వెడుతున్న. నువ్వే సూసుకోవాలె" అన్నది. మహేశ్వర్ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "నువ్వేం ఫికర్ జేయకు అత్తా, మంచిగ సూసుకుంట" అన్నాడు.

క్లాసులు మొదలైన కొత్తలో ఒక ఆదివారం కృష్ణ ఇంటికి వచ్చాడు. నేను డ్యూటీలో ఉన్నాను. ఆ రోజు ఏం జరిగిందో మర్నాడు అమ్మ నాకు ఫోన్‌లో చెప్పింది. నవ్వుతూ చెప్పింది.

ఆ రోజు మా కోటయ్య మామ కూడా మా ఇంట్లోనే ఉన్నాడట. ఈయన అమ్మకు అన్న, మహేశ్వర్ తండ్రి. గొర్రెలను ఎప్పుడో వదిలేసి సూర్యాపేట మార్కెట్ యార్డులో ఉద్యోగంలో స్థిరపడ్డాడు. అందరూ అన్నాలకు కూర్చున్నాక కృష్ణ తల దించుకుని, "అమ్మా, బావ నన్ను మెస్‌ల అందరి ముంగట గొర్రె తీర్గ అరువుమంటున్నడే. గొర్లను పిలిచినట్టు పిలువుమంటున్నడు" అన్నాడట.

"మరి పిలిచినవా?" అని అడిగాడట నాయిన.

"పిలిచిన."

"ఏదీ, ఎట్ల పిలిచినవో ఒక్కపారి పిలువు, ఇందాం. సదువుల వడి మర్సిపోయినవో ఏమో" అంటూ నాయిన ఎంగిలి చేత్తోనే లేచి, నాలుక అంగిలికి కొట్టి తన పిలుపు తాను పిలిచి చూపించాడట. దొడ్లో గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయట. మామ పడీపడీ నవ్వాడట. "బావ బామ్మర్దులన్నంక మజాక్ లేకుంటె ఎట్లరా కృష్ణా! పెండ్లిల మీ నాయిన చెప్పులు దాసిపెట్టి మండే ఎండల ఊరంత నడిపిచ్చిన నేను. అలిగిండా మీ నాయిన? అడుగు" అన్నాడట. అమ్మకు నవ్వాగలేదట.

మాలో బావకు బామ్మర్దిని ఏడిపించే హక్కుంది. ఎంత మాటైనా అనొచ్చు, ఏ పనైనా చేయించొచ్చు. ఉడుక్కున్నవాడిదే ఓటమి. పైగా గొర్రెలను పిలవడం మా ఇంట్లో సిగ్గుపడే విషయమా? మా నాయిన పిలుపుకు పక్క ఊరి మంద కూడా ఆగి చూస్తుంది. ఆయన గర్వమంతా అదే. అందుకని కొడుకు చెప్పింది ఆయనకు మంచి మాటలాగే వినిపించింది.

"ఇంకేమన్నడు వాడు?" అని అడిగాను ఫోన్‌లో.

"ఏమంటడు? చెయ్యి కడుక్కొని లేసిండు. ఉడుకుమోతోడు గదా" అన్నది అమ్మ.

తర్వాత కొన్నాళ్ళకు, కోదాడ బస్టాండులో నా బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. మిట్టమధ్యాహ్నం. టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి పోతే చివరి సీటు మూలన కృష్ణ కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాల చుట్టుకున్నాడు. ఎండకేమో అనుకున్నాను. "ఏంరా ఇంజనీరు సారూ, గీ వేషమేంది?" అని ఎగతాళి చేస్తూ తువ్వాల లాగాను.

గుండు. నున్నటి గుండు కూడా కాదు, అక్కడక్కడా తెగిన గాట్లతో ఉన్న గుండు. వయసులో ఉన్న పిల్లాడు గుండుతో కనపడితే మా వైపు రెండే అర్థాలు. తిరుపతికి పోయి ఉండాలి, లేదంటే తండ్రి పోయి ఉండాలి. వీడు తిరుపతికి పోలేదని నాకు తెలుసు.

"నాయినకేమైందిరా!" అని బస్సంతా దద్దరిల్లేలా అరిచాను.

"నాయినకేం కాలే అక్కా. అరువకు. నీకు దండం వెడత, అరువకు" అన్నాడు. తువ్వాల మళ్ళీ చుట్టుకోబోతే ముడి పడలేదు. నేనే చుట్టాను.

ఎంత అడిగినా నోరు విప్పడు. చెప్పింది హరిలాల్. వాడు కృష్ణ గదిలోనే ఉంటాడు. హాలియా వైపు ఒక తండా పిల్లవాడు. కృష్ణను బస్సెక్కించడానికి వచ్చి కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను బస్సు వెనక్కి పిలిచి, అటూ ఇటూ చూసి చెప్పాడు.

సీనియర్లు కృష్ణను తమ గదికి పిలిపించారు. ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రె నాలుగు కాళ్ళూ కలిపి కట్టి పక్కకు పడేస్తారు. అలాగే వీడి చేతులూ కాళ్ళూ తువ్వాలలతో కలిపి కట్టి కింద పడేశారు. అరవమన్నారు. వీడు అరుస్తుంటే జుట్టు కత్తిరించారు. కత్తెర పట్టింది మహేశ్వర్. 'మా ఖాందాన్ పనే ఇది, నాకంటె మంచిగ ఎవనికొస్తది' అన్నాడట. గది నిండా నవ్వులే నవ్వులు. నెత్తి మీద అక్కడో కుచ్చు ఇక్కడో కుచ్చు మిగిలితే, మర్నాడు కృష్ణే కోదాడలో మంగలి దగ్గర కూర్చుని మొత్తం తీయించుకున్నాడు.

"మరి నువ్వు పోయి సార్లకు చెప్పకపోయినవా?" అని వాడి మీద ఎగిరాను.

"నన్ను మాత్రం ఇడ్సిపెట్టిండ్రా అక్కా? తండా డాన్స్ జేయుమని రోజు జేయిస్తరు" అన్నాడు. "సొంత బామ్మర్దినే గిట్ల జేసినోళ్ళు, చెప్పినంక మమ్ముల బతకనిస్తరా? మీరు ఆ సీనియర్‌కు చుట్టాలు. మీరే వచ్చి అడుగకపాయె. మాకెవరున్నరు?"

కోపం నెత్తికెక్కి కూర్చుంది. కృష్ణను మిర్యాలగూడలో దించి ఇంటికి పంపి, మళ్ళీ కోదాడ ట్రిప్పు పోయాను. కాలేజీ గేటు దగ్గర బస్సు ఆగింది. నా అదృష్టమో దురదృష్టమో, మహేశ్వరే తన దోస్తులతో ఎక్కాడు.

"వదినే, బాగున్నవా? మాకు గూడ టికెట్ గొడ్తవా ఏంది?" అన్నాడు నవ్వుతూ.

చొక్కా కాలర్ పట్టుకున్నాను. "కత్తెర పట్టినవంట?"

"అయ్యో వదినే, గది మజాక్! బామ్మర్ది గాదా?"

చెంప పగలగొట్టాను. ఒకటి కాదు, చేయి నొప్పి పుట్టేదాకా. "స్వర్ణా, డ్యూటీల ఉన్నవ్, యూనిఫాం మీదున్నవ్" అని డ్రైవర్ రాములు అరుస్తున్నా వినలేదు. మహేశ్వర్‌ని రోడ్డు మీదికి తోసి రైట్ కొట్టాను. ఆ పూటకు కడుపు చల్లబడింది. కానీ నేను చేసిన పనితో మా వాడికి ఎంత నష్టం జరిగిందో రెండు రోజుల్లోనే తెలిసొచ్చింది.

డిపోలో నాకు మెమో ఇచ్చారు. అది పోతే పోయింది. ప్రిన్సిపాల్ దగ్గరికి పోతే ఆయన నా ముఖం చూడగానే కుర్చీలో వెనక్కి వాలాడు. గుంటూరు వైపు మనిషి.

"మీరేనా ఆ కండక్టరు? చూడండమ్మా, వాళ్ళిద్దరూ మేనత్త మేనమామ బిడ్డలట కదా. మీ కుటుంబంలో ఏవో గొడవలున్నాయి, అవి తెచ్చి మా కాలేజీ మీద రుద్దితే ఎలాగండీ? పైగా మా స్టూడెంట్‌ని నడిబజార్లో కొట్టారు. మీ తమ్ముడు ఒక్క మాట చెప్పలేదు మాకు. మీ అమ్మానాన్నలు చెప్పలేదు. మీరొచ్చి ర్యాగింగ్ అంటారు."

ఆయన తల వెనక గోడ మీదే పెద్ద బోర్డు ఉంది. ర్యాగింగ్ నేరం, శిక్షార్హం అని ఎర్రటి అక్షరాలు. ఆ బోర్డు చూపించి నాలుగు మాటలు దులిపేశాను. ఆయన అటెండర్‌ని పిలిచాడు. నేను బయటికి వచ్చాను.

వరండాలో ఒక లేడీ లెక్చరర్ నా వెనకే వచ్చింది. పేరు ప్రశాంతి. యాంటీ ర్యాగింగ్ కమిటీలో తానూ ఉన్నానని చెప్పింది. "చుట్టరికం ఉంటే ర్యాగింగ్ కాదని ఏ రూల్లోనూ లేదు. ప్రిన్సిపాల్‌గారు కాదన్నా నేను కమిటీని కూర్చోబెడతాను. కానీ మీరు చెబితే పగతో చెప్పారంటారు, కొట్టారు కాబట్టి. కృష్ణ చెప్పాలి. వాడు చెప్పలేకపోతే మీ అమ్మగారో నాన్నగారో వచ్చి చెప్పాలి. అప్పుడిక ఎవరూ కప్పిపుచ్చలేరు" అన్నది. ఆగి, నెమ్మదిగా అన్నది. "ఆలస్యం చేయొద్దు. ఇలాంటి పిల్లలు ఒకోసారి కాలేజీ ఒక్కటే మానేసి ఊరుకోరు."

వీక్లీ ఆఫ్ వచ్చేదాకా ఆగకుండా సెలవు పెట్టి ఇంటికి పోయాను.

ఇంట్లో ఎవరి బాధ వారిది. నాయిన కొడుకు గుండు వైపు చూడలేక ముఖం తిప్పుకుంటున్నాడు. "నేను బతికుండంగనే గొరిగిండ్రు గదనే నా కొడుకును" అంటాడు, మళ్ళీ ఊరుకుంటాడు. సూర్యాపేట నుంచి మామ ఫోన్ చేసి "జుట్టే గద బావా, నెల తిరిగేసరికి మొలుస్తది. స్వర్ణ నా కొడుకును బస్సుల కొట్టింది, నేను పట్టిచ్చుకున్ననా? పిలగాండ్ల ముచ్చట్లు" అన్నాడట. అమ్మ పొయ్యి ముందు కూర్చుని కన్నీళ్ళు తుడుచుకుంటోంది.

"అమ్మా, నువ్వు రావాలె. కాలేజిల చెప్పాలె" అన్నాను.

"ఎవరి మీద చెప్పాలె? మా అన్న కొడుకు మీద్నా? మా అమ్మ నాయిన పోయినంక నాకు పుట్టిల్లంటె ఆ ఇల్లే గదనే. వాని మీద పిర్యాదు ఇచ్చి మల్ల ఆ గడప ఎట్ల తొక్కుత? నేను పురుటికి పోతే మా అన్నే గదా దవాఖానకు ఎత్తుకపోయిండు. నిన్ను మొదలు ఎత్తుకున్నది ఆయనే."

"మరి వీడో? వీడు నీ కడుపున పుట్టలేదా?" అని అరిచాను. అమ్మ ఇంకా ఏడ్చింది. నా నోటితో ఆమెను కదిలించలేనని నాకు అప్పుడే అర్థమైంది.

కృష్ణ పొద్దున్నే లేచి నాయినతో పాటు మంద వెంట పోతున్నాడు. కాలేజీ మాటెత్తితే లేచి పోతాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోతాడు. కాలువ మీద మోటారు చెడిందని ఎవరో పిలిస్తే "నాకు రాదు" అన్నాడట. ఒక సాయంత్రం నాయిన దొడ్డి తడిక వేసి వచ్చి అమ్మ పక్కన కూలబడ్డాడు.

"వాడు గొర్లను పిలుస్తలేడే" అన్నాడు. "మంద పక్కసేన్లకు పోతున్నా నోరు తెరుస్తలేడు. ఉరికి, చేతుల్తోటి తోల్కస్తుండు. ఒక్క పిలుపు పిలువురా అంటే నా దిక్కు సూసిండు. ఆ సూపు నేను సూడలేకపోయిన."

ఆ పిలుపును ఆయన వాడికి మాటలతో పాటే నేర్పాడు.

దసరా రోజు మామ రాజీకి వచ్చాడు. మహేశ్వర్‌ని వెంట తెచ్చాడు. మా దగ్గర దసరా నాడు జమ్మి ఆకు తెచ్చి ఒకరి చేతిలో ఒకరు పెట్టి అలాయ్‌బలాయ్ తీసుకుంటారు. జమ్మి పెట్టినాక పాత పగలు ఖతం. జమ్మి తీసుకోనన్న మనిషిని నేను నా ఎరుకలో చూడలేదు. మామ అది తెలిసే ఆ రోజును ఎంచుకున్నాడు. ఇరుగుపొరుగు నలుగురు పెద్దమనుషులు కూడా మా వాకిట్లో కూర్చున్నారు.

"కృష్ణా, రా బిడ్డా" అని పిలిచాడు మామ. "బావ జమ్మి తెచ్చిండు నీ కోసం. తీస్కో. దసరా సెలవులైనంక ఇద్దరు కలిసి కాలేజికి పోండ్రి. ఇంతటితోటి అయిపాయె."

కృష్ణ తలకు తువ్వాలతో బయటికి వచ్చాడు. అమ్మ వాడి పక్కనే నిలబడింది. చేతులు జోడించినట్టు పట్టుకుని ఉంది, ఎవరికి దండం పెడుతోందో తెలియదు. మహేశ్వర్ ముందుకు వచ్చి వాడి చేతిలో జమ్మి పెట్టాడు. వాడు తీసుకున్నాడు. నాయిన గట్టిగా ఊపిరి వదిలాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది, కానీ ఇంకోసారి నా తొందరతో చెడగొట్టొద్దని పళ్ళు బిగబట్టుకున్నాను.

మహేశ్వర్ వాడిని దగ్గరికి తీసుకుని అలాయ్‌బలాయ్ ఇచ్చాడు. ఒక భుజం మీదుగా, మళ్ళీ రెండో భుజం మీదుగా. రెండోసారి వాడి చెవి దగ్గర నోరు పెట్టి చాలా మెల్లగా, "మేఁ" అన్నాడు. అని నవ్వాడు.

నాకు వినపడలేదు. మామకు వినపడలేదు. పక్కనే నిలబడ్డ అమ్మకు వినపడింది.

ఆ చప్పుడుకు కృష్ణ మోకాళ్ళు వంగాయి. కింద పడేసి కట్టేసే ముందు ఎవరో కూర్చోమన్నట్టు, తనంతట తానే వంగిపోయాడు. వాడు మట్టిలో కూర్చున్నాడు. చేతులు రెండూ దగ్గరికి తెచ్చుకుని ముందుకు చాపాడు. ఏం జరుగుతోందో వాకిట్లో ఎవరికీ అర్థం కాలేదు.

అమ్మ వాడి ముందు కూర్చుని ఆ రెండు చేతులనూ విడదీసింది. వాడి ముఖం తన రొమ్ముకు అదుముకుంది. అలాగే తలెత్తి మహేశ్వర్‌ను చూసింది.

"ఏమన్నవురా వాన్ని?"

"ఏమనలే అత్తా. మజాక్. నవ్విద్దామని..."

"నువ్వు అరిసింది ఇన్నరా నేను."

"బావ బామ్మర్దులం అత్తా, ఇంత దానికే..." మహేశ్వర్ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. వాడికి నిజంగానే అది మజాక్. ఆ విషయం నాకు ఆ వాకిట్లో తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు, భయం తోడైంది.

"అన్నా" అన్నది అమ్మ. గొంతు పెంచలేదు. "నీ కొడుకును తీస్కపో. జమ్మి తీస్కున్నం. నీకు నాకు పగ లేదు. కాలేజి తెరిసినంక మాత్రం నేను పోత. పోయి చెప్త."

"చంద్రమ్మా! తెలిసే మాట్లాడుతున్నవా? పిలగాని బతుకు ఆగమైతది. మల్ల నా ఇంటి మొకం సూస్తవా నువ్వు?"

"సూడనియ్యకపోతివా, గది నా కర్మ" అన్నది అమ్మ. కృష్ణను లేపి లోపలికి తీసుకుపోయింది. మామ చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాటాడు. వాకిట్లో పెద్దమనుషులు జమ్మి ఆకులు చేతుల్లో పట్టుకుని ఎటు పోవాలో తెలియనట్టు కూర్చున్నారు.

కాలేజీ తెరిచిన రోజు నలుగురం కోదాడ బస్సెక్కాం. ఆ రోజు నేను ప్రయాణికురాలిని. దారి పొడుగునా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మహేశ్వర్ కోసం ఏడ్చింది. "చిన్నగున్నప్పుడు నా పక్కలనే పండేటోడు వాడు. వాన్ని గిప్పుడు నేనే పట్టిస్తున్న" అన్నది. నేను ఓదార్చలేదు, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ప్రశాంతి మేడం మాట నిలబెట్టుకుంది. కమిటీ కూర్చుంది. ఆమె, ప్రిన్సిపాల్, ఇంకో ఇద్దరు లెక్చరర్లు. మమ్మల్ని చూసి హరిలాల్ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మేడం వాడిని లోపలికి పిలిచి కుర్చీ చూపించింది.

ప్రిన్సిపాల్ అమ్మను చూసి కాస్త మెత్తగా మొదలుపెట్టాడు. "అమ్మా, ఆ అబ్బాయి మీ సొంత అన్నయ్య కొడుకే కదండీ. వీడికి బావే కదా. బావలు ఏడిపిస్తారు, అది మన సంప్రదాయంలోనే ఉంది. కంప్లెయింట్ ఇస్తే ఏడాది సస్పెన్షన్, పోలీసు కేసు దాకా పోవచ్చు. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్న సారూ" అన్నది అమ్మ. "ఇంట్ల వాడు బావనే. చిన్నప్పటి సంది ఇద్దరు కొట్టుకున్నరు, తిట్టుకున్నరు. ఒకనాడు వాడు ఏడిపిస్తే ఒకనాడు వీడు ఏడిపించిండు. మేం అడుగలే. ఇంట్ల ఇద్దరే గదా. గీడ వాని ఎనక పదిమంది ఉన్నరు. వీని ఎనక ఎవ్వరు లేరు. కాళ్ళు చేతులు కట్టేస్తే వీడు మల్ల ఏం మజాక్ జేస్తడు సారూ?"

ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ప్రశాంతి మేడం కాగితం ముందు పెట్టుకుని కృష్ణ వైపు తిరిగింది. "నువ్వు చెప్పాలి నాన్నా. మొదటి నుంచి చెప్పు. తొందరేం లేదు. ముందు ఎవరికి చెప్పావు? ఎవరికైనా చెప్పావా?"

కృష్ణ తల దించుకున్నాడు. నేను నోరు తెరవబోయి ఆపుకున్నాను.

"చెప్పిన మేడం" అన్నాడు. వాడి గొంతు వినపడక ఆమె ముందుకు వంగింది. "మొదలు ఇంట్లనే చెప్పిన."

"ఇంట్లో ఏమన్నారు?"

వాడు అమ్మను చూడలేదు. నాయినను చూడలేదు. "నవ్విండ్రు మేడం" అన్నాడు.

నాయిన భుజం మీది తువ్వాల తీసి ముఖానికి అదుముకున్నాడు. ప్రశాంతి మేడం కలం ఎత్తి పట్టుకుని ఆగిపోయింది. మమ్మల్ని చూసి, "అది కంప్లెయింట్‌కి అవసరం లేదులెండి. హాస్టల్లో జరిగింది చాలు" అన్నది మా పరువు కాపాడినట్టు.

అమ్మ కుర్చీలోంచి లేచింది. బల్ల దగ్గరికి పోయి ఆ కాగితం మీద వేలు పెట్టింది. ఆమెకు చదువు రాదు.

"గది గూడ రాయుండ్రి మేడం. మొదలు గదే రాయుండ్రి. వాడు వచ్చి చెప్పిండు, తల్లి నవ్వింది అని రాయుండ్రి. ఆ పూట నేను నవ్వకుంటే వాని తల మీదికి కత్తెర రాకపోవు."

మేడం ఒక్క క్షణం అమ్మ ముఖంలోకి చూసి, రాసింది. రాసి పైకి చదివి వినిపించింది. అమ్మ తల ఊపింది.

అప్పుడు కృష్ణ తలెత్తాడు. దసరాకు ముందు నుంచి చూస్తున్నాను, వాడు మనుషుల ముఖాల్లోకి చూడడం అదే మొదలు. అమ్మను చూశాడు. కుర్చీని కాస్త ముందుకు లాక్కున్నాడు.

"ఇంకా ఉన్నది మేడం" అన్నాడు. "గా రోజు ఇంట్ల చెప్పుదామని వచ్చింది వేరే. గొర్రె ముచ్చట ఊకె మొదలువెట్టిన. అందరు నవ్వినంక ఇగ అసలు సంగతి చెప్పలే."

అమ్మ మళ్ళీ వచ్చి వాడి పక్కన కూర్చుంది. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్ళు తాగాడు. అంతా చెప్పడం అయ్యేదాకా మాలో ఎవరమూ నోరు తెరవలేదు.